సావుకారు గారి కారుకూతలు

“తిప్పేషూ! మన గుత్తి కోట మీద నుంచి ఒక రాయి కింద పడిందనుకో. దాన్ని ఎవడు తన్నినాడో, ఏ కాలితో తన్నినాడో, ఆ కాలి చెప్పుకు ఎన్ని పిన్నీసులు గుచ్చి ఉండాయో, కూర్చున్న చోటు నుంచే చెప్పే మెదడు ఈ భూమ్మీద ఒకటే ఉండాది. అది యాడుండాది?”

“కోట మీదనా?” అన్నాడు తిప్పేష్.

“ఈడ!” అంటూ మల్లికార్జున చూపుడువేలితో తన నుదుటిని టకటకా కొట్టుకున్నాడు. వేలికి జిరాక్సు మిషను నలుపు అంటుకొని ఉంది. మేధస్సు నడిమధ్యన నల్లటి చుక్క పడింది. అంత మెదడుకు ఆ మాత్రం దిష్టిచుక్క ఉండటం మంచిదేనని తిప్పేష్ ఊరుకున్నాడు.

గుత్తి బస్టాండు ఎదురుగా ఉన్న ఆ కొట్టు బోర్డును కొత్తవాళ్ళు ఒకసారి చదివి, కళ్ళు నులుముకొని మళ్ళీ చదువుతారు. “మల్లికార్జున జిరాక్స్. కలర్ ప్రింట్లు, లామినేషన్, దొంగతనాలు, హత్యలు. తక్కువ ధరకు చేయబడును.” చివర్లో ‘పరిశోధన’ అన్న మాటకు పెయింటరుకు చోటు చాలలేదు. మల్లికార్జున ఊరందరి ఆధార్ కార్డులూ నకలు తీసిన మనిషి. ఆధార్ ఫోటోలో మహాత్ముడైనా జేబుదొంగలాగే పడతాడు కాబట్టి, ఊరంతా నేరస్థులేనన్న నమ్మకం ఆయనకు వృత్తిరీత్యా అబ్బింది. ఆ మధ్య శింగనమలలో తప్పిపోయిన మేక కేసు చేపట్టాడు. మేక తనంతట తానే ఇంటికి వచ్చింది. దారి తప్పిన డిటెక్టివును మాత్రం మేక యజమాని పొద్దుగూకేదాకా వెతికి తెచ్చాడు.

అటువంటివాడి దగ్గరికి, పక్కనే సెల్‌ఫోన్ రీఛార్జి కొట్టు పెట్టుకున్న తిప్పేష్ తనంతట తానే సాయం అడగడానికి వచ్చాడు. ఏ ఆధారమూ లేనివాడు ఆధార్ నకళ్ళు తీసేవాణ్ణి కాక ఇంకెవర్ని ఆశ్రయిస్తాడు?

“విషయం చెప్తా విను మల్లీ. మా అక్క మొగుడు కుళ్లాయప్ప తెలుసు కదా? శనక్కాయల మిల్లు సోమశేఖర్ సావుకారు దగ్గర డ్రైవరు.”

“పేరులోనే కుళ్లు ఉండాది. ఊఁ, చెప్పు.”

“కారులో పెట్రోలు తగ్గిపోతాంది. కారు ఎక్కువ తిరగడం లేదు, పోయిన పెట్రోలూ తిరిగి రావడం లేదు. ఇల్లు, మిల్లు, ఇల్లు. అంతే షికారు. ఆ మాత్రం దానికి ట్యాంకు ఖాళీ అవుతాందంటే, కుళ్లాయప్పే పైపు పెట్టి పీల్చి అమ్ముకుంటాండాడని సావుకారు అనుమానం. రేపు మధ్యాహ్నం లోపల దొంగ యెవడో తేలకపోతే, కీ ఇచ్చేసి ఇంటికి పొమ్మన్నాడు. పెట్రోలు దొంగని పేరు పడితే ఈ గుత్తిలో మా బావకు ఇంకెవడన్నా స్టీరింగు ఇస్తాడా? మా అక్క గంగాదేవి రెండు దినాలుగా ఏడుస్తాంది.”

మల్లికార్జున కుర్చీ వెనక్కి వాల్చి, జిరాక్సు మిషను వెలుతురులో సగం ముఖం కనిపించేలా తిరిగాడు.

“ఇది మామూలు కేసు కాదు తిప్పేషూ. దీని వెనక అంతర్జాతీయ చమురు ముఠా ఉండాది.”

తిప్పేష్‌కు అప్పుడే అర్థమైంది, తాను బావకు చేసింది సాయం కాదని. అప్పటికే మల్లికార్జున నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, లామినేషన్ మిషను ఆపేశాడు.

సోమశేఖర్ సావుకారు ఆ కారు కొన్నది ఈ ఏడాదే. అంతకుముందు కోటలాంటి ఇంట్లో ఉంటూ షేరు ఆటోలో డ్రైవరు పక్కన అరసీటు మీద వేలాడుతూ మిల్లుకు పోయేవాడు. కారు వచ్చినాక మాత్రం దానికి జరిగే మర్యాద ఇంట్లో మనుషులకు జరగదు. సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్ కవర్లు ఇంకా అట్లాగే ఉన్నాయి. ఊరికి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియని కాలంలో కూడా కారుకు రోజూ తడిగుడ్డ స్నానం తప్పదు. ఎట్లా నడపాలో, ఎట్లా చూసుకోవాలో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి కారుతోపాటు వచ్చింది. దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడిగూట్లో ఉంచారు. రోజూ హారతి ఇస్తారు. ఒక్కరోజూ తెరిచి చదవరు.

కొత్తరకం కారు. తాళంచెవి తిప్పే పని లేదు. కీ జేబులో ఉంటే చాలు, బ్రేకు తొక్కి గుండీ వొత్తితే ఇంజను లేస్తుంది. గేర్లు కూడా తనే మార్చుకుంటుంది. కుళ్లాయప్ప ఎడమకాలు పూర్తిగా బేకారు అయిపోయింది.

ఇంటి పక్కన మూడువైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డులో కారు నిలబడి ఉంది. సాయంత్రమైనా రేకులు పెనంలా కాలుతున్నాయి. అరుగు మీద సావుకారు తల్లి సుమిత్రమ్మ చేట ముందు పెట్టుకొని శనక్కాయలు ఒలుచుకుంటోంది. పొట్టిమనిషి, ముగ్గుబుట్టలాంటి తల, బుగ్గలో వక్కాకు. కారు పక్కన కుళ్లాయప్ప, ఆరడుగుల మనిషి, ఉరికంబం ఎక్కబోయేవాడిలా నిలబడి ఉన్నాడు.

“అనుమానితుడు ఎవరు?” అన్నాడు మల్లికార్జున.

“నేనే అన్నా,” అన్నాడు కుళ్లాయప్ప వినయంగా.

“ఒప్పుకున్నాడు! రాసుకో తిప్పేషూ.”

“ఏమి రాసుకోవాలప్పా? నిన్ను పిలిపించింది ఆయన్ని కాపాడటానికి!”

“ఆ సంగతి తరువాత. ఏమప్పా కుళ్లాయప్పా, రోజూ ఏం జరుగుతాది?”

“పొద్దున సావుకారును మిల్లులో దింపుతా అన్నా. కారు ఈడ పెట్టి, తాళం వేసి, కీ జేబులో వేసుకొని అన్నానికి మా ఇంటికి పోతా. ఎండ తగ్గినాక వస్తా. వచ్చేసరికి సీటు ముందుకు జరిగి ఉంటాది. మోకాళ్ళు స్టీరింగుకు తగులుతాయి. పెట్రోలు తగ్గి ఉంటాది. చెప్తే ఎవరూ నమ్మరు.”

“తాళం వేసేది చూపించు.”

కుళ్లాయప్ప తలుపు మూసి, పిడి మీదున్న నల్లగుండీ నొక్కాడు. కారు ‘కీచ్, కీచ్, కీచ్’ అని మూడుసార్లు అరిచింది.

“చూడన్నా, సరే సరే సరే అంటాంది. రోజూ ఇంతే. తాళం పడినట్టే.”

మల్లికార్జున అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. స్టీరింగు వెనక తెరమీద ఇంగ్లీషులో అక్షరాలు వెలుగుతున్నాయి. ఎం.ఏ. హిస్టరీ సగం చదివిన మనిషి కాబట్టి, సగం సేపట్లో చదివేశాడు.

“తాళంచెవి లోపలే ఉండాది, తాళం వేయను పొమ్మంటాంది.”

“కీ నా చేతిలో ఉంటే లోపలెట్లుంటాది అన్నా?”

“అదే చెప్తాండా. కీ బయట కళ్ళకు కనిపిస్తా ఉండాది. కారు లోపలుందంటాంది. అంటే ఏమి? కారు దొంగసాక్ష్యం చెప్తాంది! నేరస్థుడితో కుమ్మక్కయింది! ఇట్లాంటి కారుకూతలు నా సర్వీసులో చాలా విన్నా.”

కారు పాపం ఆ రోజు ఊళ్ళో నిజం చెప్పిన ఒకే ఒక్క ప్రాణి. ప్రాణం లేకపోవడం వల్లనేమో, ఎవరూ నమ్మలేదు.

మల్లికార్జున భూతద్దం తీసి రంగంలోకి దిగాడు. జిరాక్సులో సరిగా పడని అక్షరాలు చూసుకునే అద్దం అది. ముందు బానెట్టు అనుకొని డిక్కీ తెరిచాడు. ‘ఇంజను దొంగిలించినారు!’ అని గావుకేక పెట్టాడు. తిప్పేష్ ఆయన్ని భుజాలు పట్టి కారు రెండో కొసకు నడిపించాడు. ఆ తరువాత సీట్ల సందుల్లో పాకి, చెమటతో ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుపోయి, చివరకు కొన్ని సాక్ష్యాలు పట్టుకొని బయటపడ్డాడు.

“శనక్కాయ పొట్టు! అంటే దొంగ శనక్కాయలు తింటాడు.”

“అబ్బో. అయితే అనంతపురం జిల్లాలో ఒక్కడు కూడా మిగలడు,” అన్నాడు తిప్పేష్.

“తెల్ల వెంట్రుక, పొడుగుది. వక్కాకు మరక. సీటేమో ముందుకు జరిపిండారు, అంటే పొట్టి మనిషి. తిప్పేషూ, ఇవన్నీ కలిపి చూస్తే ఏం కనిపిస్తాంది నీకు?”

తిప్పేష్‌కు ఏదో కనిపించబోయింది. అంతలో అరుగు మీదనుంచి సుమిత్రమ్మ ఒక గుప్పెడు గింజలు చాచింది.

“తిను నాయనా. ఎండలో తిరిగి కండ్లు తేలేసినావు.”

మల్లికార్జున గింజలు నోట్లో వేసుకొని, ఆమె తెల్లటి తలమీదుగా దూరంగా చూస్తూ గంభీరంగా అన్నాడు:

“తెల్లజుట్టు, వక్కాకు, శనక్కాయలు, పొట్టి మనిషి. ఇది ఒక ముసలామె పని అనిపించాల. అట్లా అనిపించాలనే చేసినాడు! కుళ్లాయప్ప ముసలామె వేషం కట్టి, తాను నడిపే కారులో తనే దూరి, పెట్రోలు తనే దొంగిలిస్తాండాడు!”

“ఆరడుగుల ముసలామెనా?” అన్నాడు తిప్పేష్.

“వంగి నడుస్తాడు.”

“అన్నా, నాకు చీర కట్టుకోను కూడా రాదు!” అన్నాడు కుళ్లాయప్ప ఏడుపుగొంతుతో.

“పాపం, కుళ్లాయప్ప మంచోడు నాయనా. చీమకు కూడా దోవ ఇస్తాడు,” అంటూ సుమిత్రమ్మ చేట ఎత్తుకొని దీపం పెట్టడానికి లోపలికి పోయింది.

ఆమె అటు పోగానే మల్లికార్జున మళ్ళీ కారులోకి తలదూర్చాడు. ముందు సీటు ఎదుటి అరలో, ఆంజనేయస్వామి పటం వెనక, ఆయన చేతికి మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. పసుపుగుడ్డలో గట్టిగా ముడివేసిన చిన్న మూట. లోపల గట్టివస్తువేదో ఉంది.

“చేతబడి!” అని గుసగుసలాడాడు.

“విప్పి చూడు మరి.”

“పిచ్చోడా! చేతబడి విప్పితే విప్పినోడికే చుట్టుకుంటాది. దీన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటాండా. ఎవరికీ చెప్పొద్దు.” మూటను చేతిరుమాలులో చుట్టి, ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

పోతూ పోతూ తలుపు వేసి, నల్లగుండీ తానే నొక్కాడు. కారు ‘కీచ్’ అని ఒక్కసారే అని, టక్కున తాళం పడింది.

“చూసినావా? నా చెయ్యి పడేసరికి భయపడి నోరు మూసుకుంది!”

మూడు కీచులు ఒక్కటెందుకయ్యాయో ఎవరికీ తోచలేదు. తిప్పేష్‌కు తోచేదేమో గానీ, అప్పటికి ఆయన మనసంతా అక్కకు ఏమి చెప్పాలా అన్నదాని మీదే ఉంది. డిటెక్టివు ఆజ్ఞ ప్రకారం కారు కీని సావుకారు తీసుకుపోయి మిల్లులోని ఇనప్పెట్టెలో పెట్టాడు. కేసు తేలేదాకా కారును ఎవరూ తాకకూడదు. మరుసటిరోజు పొద్దున సావుకారు మళ్ళీ షేరు ఆటోలో అరసీటు మీద వేలాడుతూ మిల్లుకు పోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ ఎట్లా ఉందంటే, కాకులు కూడా కావ్ అనడానికి నోరు తెరవలేదు. షెడ్డులో సావుకారు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పక్కన తిప్పేష్. కుళ్లాయప్ప డ్రైవరు చొక్కా ఉతికి, మడతపెట్టి, చేతిలో పట్టుకొని వచ్చాడు, తిరిగి ఇచ్చేయడానికి. ఆ మడత చూడలేక తిప్పేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మల్లికార్జున నల్లకళ్ళద్దాలు సర్దుకొని కారు చుట్టూ ప్రదక్షిణ చేశాడు.

“సావుకారూ! ఈ కేసు చిక్కుముడి లాంటిది. చిక్కులు మీవి. ముడి నేను విప్పుతా. క్లచ్చు లేని కారు ఉండొచ్చు గానీ, క్లూ లేని కేసు ఉండదు.”

“తొందరగా విప్పప్పా, మిల్లులో పని ఉండాది.”

“కారు కీ యాడుండాది?”

“మిల్లులో ఇనప్పెట్టెలో. నువ్వే కదా పెట్టమంటివి.”

“ఇంకో కీ?”

“రెండోది కొన్న రోజునే అమ్మకు ఇచ్చినా. ఇంట్లో ఇనప్పెట్టెలో భద్రంగా ఉండాది.”

“అంటే ఈ దినం కారు దగ్గర కీ లేదు. కీ లేనిదే ఈ కారు లేవదు. నిన్నటిదాకా కీ ఎవరి జేబులో ఉండేది? కుళ్లాయప్ప జేబులో! కాబట్టి కారులో దూరినవాడు, నడిపినవాడు, పీల్చినవాడు అంతా కుళ్లాయప్పే. ఇప్పుడు రుజువు చేస్తా చూడండి!”

పిడి పట్టి లాగాడు. తలుపు ‘కీచ్’ మని తెరుచుకుంది.

“తాళం వేసిన తలుపు ఎట్లొచ్చిందప్పా?” అన్నాడు సావుకారు.

“తలుపు సంగతి వేరు, ఇంజను సంగతి వేరు. మధ్యలో మాట్లాడొద్దు!” అంటూ మల్లికార్జున డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచి సైకిలు తప్ప ఏదీ నడపని మనిషి. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక, కింద కనిపించిన రెండు పెడళ్ళ మీదా రెండు కాళ్ళూ పెట్టి ఊతంగా తొక్కిపట్టాడు. “చూడండి! నేను ఈ గుండీని ఎన్నిసార్లు వొత్తినా, కీ లేదు కాబట్టి, ఈ కారు చచ్చిన శవంలాగా—”

వొత్తాడు.

శవం సింహంలా గర్జించింది.

డిటెక్టివు సీటులోనుంచి జానెడు ఎగిరి, తల పైకప్పుకు కొట్టుకొని కిందపడ్డాడు. నల్లకళ్ళద్దాలు ఒక చెవికి వేలాడాయి. ఏసీ బుస్సుమని చల్లగాలి ఊదింది.

అంతలో ఇంటి తలుపు తెరుచుకుంది. సుమిత్రమ్మ చేటనిండా శనక్కాయలతో బయటికొచ్చింది. వెనకాలే పక్కింటి అంజనమ్మ, ఎదురింటి పెద్దక్క, వాళ్ళ చేతుల్లోనూ చేటలు.

“వచ్చిందా సల్లగాలి? చెప్పలే నేను! అన్నం తిన్న కాన్నుంచి చూస్తాండాం, ఈ దినం తలుపే రాలేదు. జరుగు నాయనా, అది నా సీటు.”

మల్లికార్జున జరిగి, కిందికి దిగాడు. సుమిత్రమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని, సీటును ముందుకు లాక్కొని, చేట ఒళ్ళో పెట్టుకుంది. అంజనమ్మా పెద్దక్కా వెనకసీట్లో అలవాటైన చోట్లలో సర్దుకున్నారు. ఒక శనక్కాయ ‘టప్’ మని పగిలింది.

సావుకారు కారు తలుపులోకి వంగాడు.

“అమ్మా! రోజూ నువ్వేనా?”

“అరవొద్దురా సోమూ. ప్లాస్టిక్ నలగకుండా పైన పాతచీర వేసుకొనే కూర్చుంటాం. ఇంట్లో ఏసీ పెట్టించరా అంటే, మనిషి ఏసీతో పుట్టినాడా అంటివి. కారుకు మాత్రం ఏసీ ఉండాది. నేనేమన్నా నడిపినానా? కుళ్లాయప్ప చేసినట్టే కింద తొక్కి గుండీ వొత్తేది, గాలి వస్తే కూర్చునేది.”

“పెట్రోలంతా దానికే పోయిందమ్మా!”

“గాలికి పెట్రోలెందుకురా?” అంది సుమిత్రమ్మ, కొడుకు తెలివికి జాలిపడుతూ. “కారు కదల్లేదు కదా!”

“మరి కీ లేకుండా ఎట్లా...” అంటూ సావుకారు నెత్తి పట్టుకున్నాడు.

అప్పటికి మల్లికార్జున నడినెత్తి మీద బొప్పి కట్టింది. దాన్ని ఒత్తుకోవడానికి జేబులోంచి చేతిరుమాలు లాగాడు. పసుపుమూట టపీమని కింద పడింది.

“నా ముడుపు!” సుమిత్రమ్మ కేక పెట్టింది. “కసాపురం ఆంజనేయస్వామికి కట్టిన ముడుపు! ఎవడ్రా తీసింది?”

సావుకారు మూట అందుకొని విప్పాడు. రూపాయి బిళ్ళ, నాలుగు అక్షింతలు, వాటి మధ్యన కారు రెండో కీ.

“ఇది ఇనప్పెట్టెలో కదా ఉండాల్సింది?”

“ఇనప్పెట్టెలో ఉంటే కారును ఎట్లా కాపాడుతుందిరా? మీ నాయన జీపు కొన్నప్పుడు కూడా రెండో తాళంచెవి ముడుపు కట్టి జీపులోనే పెట్టినా. ఆయన కాలమంతా దానికి గీత పడలేదు.”

“అది ఇనప ముక్కమ్మా! దీన్ని లోపల పెడితే తాళం పడదు. ఇది పక్కన ఉంటే చాలు, లాగితే తలుపు వస్తాది, ఎవరు గుండీ వొత్తినా కారు లేస్తాది!”

తిప్పేష్‌కు నిన్న విన్న ఆ మూడు కీచులూ ఒక్కసారిగా చెవిలో మోగాయి. కారు సరే సరే సరే అనలేదు. రోజూ మధ్యాహ్నం మొత్తుకుంది, లోపల ఉంది, లోపల ఉంది, లోపల ఉంది అని. ఆయన మెల్లిగా మల్లికార్జున వైపు తిరిగాడు.

మల్లికార్జున అప్పటికే కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

“అందుకే ఆ మూటను నిన్ననే నా జేబులో వేసుకున్నా. అంతా నా పథకమే.”

“నువ్వు మా డ్రైవరును ముసలామె వేషం కట్టినోడన్నావంట కదప్పా?” అన్నాడు సావుకారు.

“ముసలామె అన్నానా లేదా? తెల్లజుట్టు సరిపోయింది, శనక్కాయలు సరిపోయినాయి, వక్కాకు సరిపోయింది. మనిషి ఒక్కటే తప్పింది. అది చిన్న విషయం.”

సావుకారు కుళ్లాయప్ప ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలోని చొక్కా మడత వైపు చూశాడు. లాభం లేని మాట ఆయన నోటినుంచి రావడం కష్టం.

“తప్పు నాదేనప్పా కుళ్లాయప్పా. ఆ చొక్కా తొడుక్కో.” ముడుపులోని కీని తానే అతని చేతిలో పెట్టాడు.

“అట్లే మెకానిక్కును పిలిపించు సోమూ, ఇంట్లో ఏసీ బిగించడానికి,” అంది కారులోనుంచి సుమిత్రమ్మ. “లేకుంటే ముడుపు మళ్ళీ కడతా.”

సావుకారు జీవితంలో మొదటిసారి బేరమాడకుండా తల ఊపాడు.

కుళ్లాయప్ప మడత విప్పి చొక్కా తొడుక్కున్నాడు. అవ్వలను ఒక్కొక్కరినే చేయిపట్టి దింపి, ఇంజను ఆపి, తలుపు వేసి, నల్లగుండీ నొక్కాడు. కారు ‘కీచ్’ అని ఒక్కసారి అని ఊరుకుంది. కీని జేబులో వేసుకొని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకొని, బామ్మర్ది చెవిలో మెల్లిగా అన్నాడు:

“తిప్పేషూ, మీ అక్కకు ఫోన్ చేసి చెప్పు. ఇంకొక మాట. ఈసారి నాకు ఏ కష్టమొచ్చినా, నన్ను కాపాడొద్దప్పా.”

“ఏమైందిరా దీనికి?” అంది సుమిత్రమ్మ కారు వైపు చూస్తూ. “రోజూ మూడుసార్లు అరిచేది. గొంతు పోయినట్టుండాది.”

మల్లికార్జున గిర్రున తిరిగాడు. “గొంతు పోయిందా? ఎవడో నులిమినాడు! తిప్పేషూ, ఇది హత్యాప్రయత్నం—”

తిప్పేష్ ఆయన్ని రెక్క పట్టి లాక్కుపోయి తన స్కూటరు వెనక కూర్చోబెట్టాడు. సావుకారు గారి కారుకూతలు ఆ రోజుతో ఆగిపోయాయి. స్కూటరు వెనకసీటు మీది కూతలు మాత్రం బస్టాండు వచ్చేదాకా ఆగలేదు.